పవర్ వంద రెట్లు పెంచినా రేంజ్ రావట్లేదు: రేడియో లింకులో ఏ భాగం ఏం చేస్తుంది?

#1 | కొత్తబోర్డు

అందరికీ నమస్కారం. డాబా మీది నీళ్ల ట్యాంకులో మట్టం ఎంతుందో కొలిచి, రెండు అంతస్తుల కింద గదిలో చిన్న డిస్‌ప్లే మీద చూపించే బోర్డు ఒకటి కడుతున్నాను. సెన్సర్, కోడు, డిస్‌ప్లే అన్నీ అయ్యాయి. రేడియో దగ్గర ఆగిపోయాను.

ముందు, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీదే వంకర్లు తిరిగిన యాంటెన్నా ఉండే చిన్న 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూళ్లు రెండు పెట్టాను (చిప్ ఎన్ఆర్ఎఫ్24ఎల్01 ప్లస్). టేబుల్ మీద ఒక్క ప్యాకెట్ కూడా తప్పిపోకుండా అన్నీ అందాయి. ఒకదాన్ని డాబా మీదికి తీసుకెళ్తే ఒక్కటీ రాలేదు. పవర్ చాలట్లేదేమోనని, అదే చిప్‌కి పవర్ యాంప్లిఫయర్ తగిలించి బయటికి పుల్ల యాంటెన్నా ఇచ్చే రకానికి మార్చాను. పాతది 0 డీబీఎం, కొత్తది 20 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత ఇది, ప్రతి 10 డీబీకి పవర్ పది రెట్లు). అంటే వంద రెట్లు. తీరా చూస్తే ఇది టేబుల్ మీద కూడా సరిగా నడవట్లేదు. పది ప్యాకెట్లు పంపితే రెండో మూడో అందుతున్నాయి.

ఆసిలేటర్, మిక్సర్, ఎల్ఎన్ఏ అంటూ బ్లాక్ డయాగ్రమ్‌లు చాలా చూశాను. కానీ ఏ డబ్బా ఏం చేస్తుంది, అది సరిగా లేకపోతే బయటికి ఎలా కనిపిస్తుంది అన్నది ఎక్కడా దొరకలేదు. అది తెలిస్తే సమస్య ఎక్కడుందో నేనే వెతుక్కోగలను. కాస్త ఓపిగ్గా చెప్పగలరా?

#2 | రాగితీగ

మాడ్యూల్‌కి 3.3 వోల్టులు ఎక్కడి నుంచి ఇస్తున్నారు? వైర్లు ఎంత పొడవు? టేబుల్ మీద రెండింటి మధ్య దూరం ఎంత?

#3 | కొత్తబోర్డు

ఆర్డుయినో ఊనో మీదున్న 3.3 వోల్టుల పిన్ నుంచే అన్నా. బ్రెడ్‌బోర్డు, జానెడు జంపర్ వైర్లు. మధ్య దూరం ఒక అడుగు ఉంటుంది.

#4 | రాగితీగ

మీ సమస్యలో సగం అక్కడే ఉంది. ఊనోలో ఆ పిన్ 50 మిల్లీఆంపియర్ల వరకే ఇవ్వగలదు. చిన్న మాడ్యూల్ 0 డీబీఎం దగ్గర పంపేటప్పుడు 11 మిల్లీఆంపియర్లే తాగుతుంది కాబట్టి నడిచింది. పవర్ యాంప్లిఫయర్ ఉన్నది ప్యాకెట్ పంపే ఆ కొద్ది క్షణం వంద మిల్లీఆంపియర్లు దాటి లాగుతుంది. అది మల్టీమీటర్‌లో కనిపించదు. సగటు చూపిస్తుంది కాబట్టి 3.3 అనే అంటుంది. ఆసిలోస్కోప్ పెడితే ప్యాకెట్ బయల్దేరిన ప్రతిసారీ వోల్టేజ్ గుంటలో పడ్డట్టు కిందికి దిగడం కనిపిస్తుంది.

వోల్టేజ్ దిగితే పవర్ కాస్త తగ్గుతుంది, అంతే కదా అనుకోకండి. చిప్‌లో ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్ వోల్టేజ్‌ని బట్టి నడిచేది. సప్లై కదిలితే ఫ్రీక్వెన్సీ కూడా కదులుతుంది. అవతలి రిసీవర్ ఒకచోట చెవి పెట్టుకుని ఉంటే ఇవతలి మాట ఇంకోచోట మొదలై జారిపోతుంది. పవర్ పెంచాక పరిస్థితి ఇంకా పాడవడానికి మొదటి కారణం ఇదే అయ్యుంటుంది.

చేయాల్సింది: 5 వోల్టుల నుంచి విడిగా ఒక 3.3 రెగ్యులేటర్ పెట్టండి, ఏఎంఎస్1117 లాంటిది సరిపోతుంది. మాడ్యూల్ పిన్నుల మీదే, వైరు చివర కాదు, పిన్నుల మీదే, ఒక 47 లేదా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి సోల్డర్ చేయండి. కెపాసిటర్ జానెడు వైరు అవతల ఉంటే ఆ వైరు ఇండక్టెన్స్ దాని పనిని అడ్డుకుంటుంది.

#5 | సోల్డర్‌పొగ

రాగితీగ గారు చెప్పినదానితో పాటు ఛానెల్ కూడా మార్చండి. వైఫై అంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. 108 పెట్టుకుంటే ఖాళీగా దొరుకుతుంది, నేను అదే వాడతాను.

#6 | తరంగిణి

కొత్తబోర్డు గారూ, మీరడిగిన అసలు ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

పంపే వైపు మొదలు క్రిస్టల్. మీ మాడ్యూల్ మీద మెరిసే చిన్న వెండి రంగు డబ్బా ఉంది చూడండి, దాని మీద 16.000 అని ఉంటుంది. మొత్తం లింకులో కాలానికీ ఫ్రీక్వెన్సీకీ ఆధారం అదొక్కటే. కానీ అది 16 మెగాహెర్ట్జ్ మాత్రమే, మనకి కావాల్సింది 2400 పైన. అందుకని చిప్ లోపల ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కొట్టుకునే ఇంకో ఆసిలేటర్ ఉంటుంది. వేగం ఉంది గానీ నిలకడ లేదు దానికి. దాని అవుట్‌పుట్‌ని ఒక పెద్ద సంఖ్యతో భాగించి, క్రిస్టల్ నుంచి వచ్చినదానితో పోల్చి, తేడా వస్తే వోల్టేజ్‌తో సరిదిద్దుతూ ఉంటారు. ఇదే పీఎల్ఎల్. సూత్రంగా చెప్పాలంటే, క్రిస్టల్ నుంచి 1 మెగాహెర్ట్జ్ తీసి, భాగించే సంఖ్య 2478 అని పెడితే 2478 మెగాహెర్ట్జ్ వస్తుంది. మీరు కోడులో ఛానెల్ నంబరు మార్చినప్పుడు మారేది ఆ భాగించే సంఖ్యే. రాగితీగ గారు చెప్పిన జారుడు జరిగేది కూడా ఈ లూపులోనే.

ఇక్కడ తేడా వస్తే ఎలా కనిపిస్తుంది? క్రిస్టల్‌లో 20 పీపీఎం (పది లక్షలకి 20) తేడా ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 50 కిలోహెర్ట్జ్. ఒక బోర్డు అటు, ఇంకోటి ఇటు తప్పితే 100. చల్లగా ఉన్నప్పుడు బాగుండి ఎండెక్కాక ఆగిపోయే లింకు కనిపిస్తే ముందు క్రిస్టల్‌ని అనుమానించండి. మీ ఒక బోర్డు డాబా మీద ఎండలో ఉండేదే కదా.

తర్వాత మాడ్యులేటర్. క్యారియర్, అంటే పైన పుట్టించిన ఆ తరంగం, ఊరికే మోగుతుంటే అందులో సమాచారం లేదు. దేన్నైనా మార్చాలి: ఎత్తునా, ఫ్రీక్వెన్సీనా, ఫేజునా. మీ చిప్ ఫ్రీక్వెన్సీని మారుస్తుంది. 250 కిలోబిట్ల వేగంలో 1 అంటే 160 కిలోహెర్ట్జ్ పైకి, 0 అంటే అంతే కిందికి. పైన చెప్పిన 100 కిలోహెర్ట్జ్ తేడా ఎంత పెద్దదో ఇప్పుడు అర్థమవుతుంది.

పవర్ యాంప్లిఫయర్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క మాటే. దాన్ని గట్టిగా తోలితే అసలు సిగ్నల్‌తో పాటు రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో కూడా చెత్త పుడుతుంది. దాన్ని ఆపడానికే తర్వాత లో-పాస్ ఫిల్టర్ ఉంటుంది. ఫిల్టర్ లేని ట్రాన్స్‌మిటర్ మీకు బాగానే పనిచేస్తుంది, నష్టం పక్కవాళ్లకి.

వినే వైపే అసలు అందం ఉంది. యాంటెన్నా దగ్గరికి వచ్చేది పికోవాట్లలో. ముందు ఎల్ఎన్ఏ, అంటే తన సొంత రొద తక్కువ కలిపి పెంచే యాంప్లిఫయర్. దీని వెనక ఎంత మంచి సర్క్యూట్ పెట్టినా, మొదటి మెట్టులో కలిసిన రొదని ఎవరూ తీసేయలేరు. బెల్ ల్యాబ్స్‌లో హెచ్.టి. ఫ్రిస్ 1944లో ఈ లెక్కని సూత్రంగా రాశారు. మొదటి మెట్టు గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో అది) బాగుంటే వెనక మెట్ల రొద దాదాపు లెక్కలోకి రాదు. అందుకే యాంటెన్నాకీ ఎల్ఎన్ఏకీ మధ్య కేబుల్ పొడవు పెంచకూడదు. అక్కడ 3 డీబీ పోతే రిసీవర్ మొత్తం 3 డీబీ చెవిటిదైనట్టే.

ఆ తర్వాత మిక్సర్. రెండు ఫ్రీక్వెన్సీలు ఇస్తే వాటి మొత్తం, వాటి తేడా ఇస్తుంది. వచ్చిన సిగ్నల్‌ని లోకల్ ఆసిలేటర్‌తో కలిపి తేడాని తీసుకుంటే, గిగాహెర్ట్జ్‌ల్లో ఉన్నది పని చేసుకోవడానికి వీలైన కింది ఫ్రీక్వెన్సీకి దిగుతుంది. స్టేషన్ ఏదైనా ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీకి దించితే, అక్కడ ఒక్క మంచి ఫిల్టర్ కడితే చాలు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో ఈ సూపర్‌హెటరోడైన్ పద్ధతి తెచ్చారు. ఎఫ్ఎం రేడియోల్లో ఆ ఫ్రీక్వెన్సీ 10.7 మెగాహెర్ట్జ్. 98.3 వినాలంటే లోపలి ఆసిలేటర్ 109.0లో ఉంటుంది. కానీ 119.7లో వచ్చేదానికి కూడా తేడా 10.7యే! మిక్సర్‌కి ఈ రెండింటి మధ్య భేదం తెలియదు. 119.7 విమానాలు మాట్లాడుకునే బ్యాండులో ఉంటుంది. అందుకే మిక్సర్ ముందు కూడా ఒక ఫిల్టర్ పెట్టి ఈ ప్రతిబింబాన్ని ఆపాలి.

చివర డీమాడ్యులేటర్ (ఆ మార్పుల్ని తిరిగి బిట్లుగా చదివేది), బిట్లు, సీఆర్‌సీ (ప్యాకెట్ చెడిందేమో చూసే తనిఖీ అంకె). అది మీ కోడు ప్రపంచం.

#7 | కొత్తబోర్డు

అక్కా, ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. మిక్సర్ రెండు చోట్ల నుంచి వింటుందన్న సంగతి ఇప్పుడే తెలిసింది.

అడుగు దూరంలో కూడా ప్యాకెట్లు పోవడానికి సప్లై ఒక్కటే కారణమా? దగ్గరగా ఉంటే సిగ్నల్ బలంగానే ఉండాలి కదా?

#8 | లెక్కలమాస్టారు

బలంగా ఉండడమే ఇబ్బంది. లెక్క చూడండి.

ఖాళీ ప్రదేశంలో పోయే నష్టం డీబీల్లో: 32.4 కలుపు 20 లాగ్ దూరం కిలోమీటర్లలో కలుపు 20 లాగ్ ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌ల్లో. 2400 మెగాహెర్ట్జ్, 30 సెంటీమీటర్లు పెడితే దాదాపు 30 డీబీ. మీరు 20 పంపితే అవతల మైనస్ 10 డీబీఎం చేరుతుంది. మీ కొత్త మాడ్యూల్‌లో చిప్ ముందు ఇంకో ఎల్ఎన్ఏ ఉంది. మైనస్ 80ల్లో గుసగుసలు వినడానికి కట్టినదాని ముందుకొచ్చి గట్టిగా అరిచినట్టు అది. ఎల్ఎన్ఏ, మిక్సర్ నిండిపోయి ఆకారం చెడిపోతుంది. పవర్‌ని కోడులో కనిష్ఠానికి తగ్గించి, మూడు నాలుగు మీటర్ల దూరంలో పరీక్ష చేయండి.

ఇప్పుడు డాబా లెక్క. దూరం 12 మీటర్లనుకుందాం. ఖాళీలో నష్టం 62 డీబీ. ఇనుము ఉన్న శ్లాబు ఎంత మింగుతుందో మందాన్ని, తడిని, ఇనుప చువ్వల అల్లికని బట్టి చాలా మారుతుంది. లెక్క కోసం ఒక్కోటి 20 అనుకుంటే రెండింటికి 40. మొత్తం 102.

పాత మాడ్యూల్: 0 నుంచి 102 పోతే మైనస్ 102 డీబీఎం. ఆ చిప్ 2 మెగాబిట్ల వేగంలో మైనస్ 82 వరకే వినగలదు. 20 డీబీ లోటు. అందుకే ఒక్క ప్యాకెట్టూ రాలేదు.

ఇప్పుడు ఒక్క రూపాయి ఖర్చు లేని పని: వేగాన్ని 250 కిలోబిట్లకి తగ్గించండి. అప్పుడు అదే చిప్ మైనస్ 94 వరకు వింటుంది. 12 డీబీ ఊరికే వచ్చినట్టు, అంటే పవర్‌ని పదహారు రెట్లు చేసినంత. కారణం రొద. గది ఉష్ణోగ్రతలో ప్రతి హెర్ట్జ్ వెడల్పుకీ మైనస్ 174 డీబీఎం ఉష్ణ రొద ఉంటుంది. 1 మెగాహెర్ట్జ్ వెడల్పు తెరిస్తే మైనస్ 114, దాని మీద రిసీవర్ సొంత రొద అదనం. తక్కువ వేగానికి సన్నని కిటికీ చాలు, లోపలికొచ్చే రొద తగ్గుతుంది. నీటి మట్టం నిమిషానికోసారి పంపడానికి 2 మెగాబిట్లు ఎందుకు?

20 డీబీఎం, 250 కిలోబిట్లు కలిపితే: 20 నుంచి 102 తీస్తే మైనస్ 82, వినగలిగేది మైనస్ 94. చేతిలో 12 డీబీ మిగులు. ఎక్కువేం కాదు గానీ నడుస్తుంది.

#9 | సోల్డర్‌పొగ

ఇంత తంటా ఎందుకు, 433 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ వేగంతో ఎక్కువ దూరం పోయే రేడియో రకం) పెట్టుకుంటే సరిపోదూ? 2.4 గిగాహెర్ట్జ్‌ని గాలే మింగేస్తుంది.

#10 | లెక్కలమాస్టారు

సోల్డర్‌పొగ గారూ, లోరా మంచి సలహానే. కానీ గాలి మింగడం నిజం కాదు, ఈ దూరాల్లో గాలి మింగేది లెక్కలోకి కూడా రాదు. అదే ఫార్ములాలో 433 పెడితే 12 మీటర్లకి 47 డీబీ వస్తుంది, 15 తక్కువ. ఆ 15 ఎక్కడిదంటే, ఒకే గెయిన్ ఉన్న యాంటెన్నా 2.4 దగ్గర చిన్నదైపోతుంది. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, 433లో 69. వాన పడేటప్పుడు చిన్న గిన్నె పెడితే తక్కువ నీళ్లు పడతాయి, ఆకాశం కురిసింది మాత్రం ఒకటే. కాంక్రీటు మాత్రం 433ని కాస్త తక్కువే మింగుతుంది, అది నిజం.

#11 | షార్ట్‌వేవ్

ఆలస్యంగా చూశాను. రెండు మాటలు.

మొదటిది సోల్డర్‌పొగ గారికి. ఛానెల్ 108 అంటే 2508 మెగాహెర్ట్జ్. లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే బ్యాండు చాలా దేశాల్లో 2483.5 దగ్గర ముగుస్తుంది. అది దాటితే ఇంకొకరికి కేటాయించిన చోటులో మాట్లాడుతున్నట్టు, అందులోనూ 20 డీబీఎంతో. చిప్ వెళ్లగలిగినంత మాత్రాన మనం వెళ్లకూడదు. వైఫై 11వ ఛానెల్ నడుమ 2462, పైఅంచు 2472 చుట్టుపక్కల. కాబట్టి 78 పెట్టుకోండి, 2478 అవుతుంది. బ్యాండు లోపలే ఉంటారు, వైఫైకి దూరంగానూ ఉంటారు. ఎంత పవర్ పంపవచ్చో మీ దేశపు నియమం ఒకసారి చూసుకోండి.

రెండోది యాంటెన్నా గురించి. బ్లాక్ డయాగ్రమ్‌లో చిన్న త్రిభుజం గీసి వదిలేస్తారు గానీ, మొత్తం లింకులో ఎక్కువ పోయేదీ ఎక్కువ దక్కేదీ అక్కడే. జగదీశ్ చంద్ర బోస్ 1890లలో కలకత్తాలో 5 మిల్లీమీటర్ల తరంగాలతో, అంటే 60 గిగాహెర్ట్జ్ దగ్గర, ప్రయోగాలు చేసినప్పుడు హార్న్ యాంటెన్నాలూ వేవ్‌గైడ్లూ స్వయంగా తయారు చేసుకున్నారు. యాంప్లిఫయర్ అనేదే పుట్టని కాలంలో ఆయన చేతిలో ఉన్నది తరంగాన్ని సరైన దిక్కుకి మళ్లించడం ఒక్కటే.

కొత్తబోర్డు గారూ, మీ రెండు పుల్ల యాంటెన్నాలూ నిలువుగా ఉన్నాయా? ట్యాంకు సరిగ్గా ఆ గది నెత్తి మీదే ఉందా?

#12 | కొత్తబోర్డు

రెండూ నిలువుగానే ఉన్నాయి సర్. ట్యాంకు దాదాపు నిట్టనిలువుగా పైనే.

#13 | షార్ట్‌వేవ్

అనుకున్నాను. పుల్ల యాంటెన్నా తన పక్కల వైపు చుట్టూ ప్రసరిస్తుంది. కొన వైపు దాదాపు ఏమీ ఉండదు. మీ పై యాంటెన్నా అడుగు కింది యాంటెన్నా కొనని చూస్తోంది. రెండు గుడ్డి చోట్లూ ఎదురెదురుగా ఉన్నాయి. గోడల మీద తగిలి తిరిగొచ్చేది కొంత ఉంటుంది కాబట్టి పూర్తిగా సున్నా కాదు గానీ, మాస్టారు లెక్కేసిన 12 డీబీ మిగులు మొత్తం అక్కడే హరించుకుపోగలదు.

రెండింటినీ అడ్డంగా పడుకోబెట్టండి. ఒకటి తూర్పు పడమరలుగా పెడితే రెండోదీ తూర్పు పడమరలుగానే. ఒకటి తూర్పుకీ ఇంకోటి ఉత్తరానికీ పెడితే పోలరైజేషన్ (తరంగం ఊగే దిక్కు) అడ్డం తిరిగి మళ్లీ 20 డీబీ వరకు పోతుంది. ట్యాంకు మీద ఇనుప మూత ఉన్నా, నీళ్లకి ఆనుకున్నా యాంటెన్నాని కనీసం ఒక తరంగదైర్ఘ్యం, అంటే 12 సెంటీమీటర్ల పైన, పక్కకి జరపండి. నీళ్లు ఈ ఫ్రీక్వెన్సీని బాగా పీల్చుకుంటాయి.

ఇంకొకటి. యాంటెన్నా విప్పేసి పవర్ యాంప్లిఫయర్‌ని నడపకండి. మాడ్యూల్, కనెక్టర్, యాంటెన్నా అన్నీ 50 ఓములకి కుదిరి ఉంటేనే శక్తి బయటికి పోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (ఆ కుదురు ఎంత తప్పిందో చెప్పే అంకె, 1 అంటే సరిగ్గా కుదిరినట్టు) 2 ఉన్నా వెనక్కి తిరిగొచ్చేది 11 శాతమే, కంగారు లేదు. యాంటెన్నాయే లేకపోతే మొత్తం వెనక్కి వస్తుంది.

#14 | కొత్తబోర్డు

అన్నీ ఒకేసారి కాకుండా ఒక్కోటి మార్చి చూశాను, దేనివల్ల ఎంత వచ్చిందో తెలియాలని.

విడి రెగ్యులేటర్, పిన్నుల మీద కెపాసిటర్లు పెట్టి, పవర్ కనిష్ఠం చేసి నాలుగు మీటర్లలో పెడితే టేబుల్ సమస్య పూర్తిగా పోయింది. డాబా మీద పవర్ మళ్లీ పూర్తిగా పెంచినా 2 మెగాబిట్లకి ఏమీ లేదు. 250కి తగ్గించి ఛానెల్ 78 పెడితే వందకి ముప్ఫై దాకా వచ్చాయి. యాంటెన్నాలు రెండూ అడ్డంగా, ఒకే దిక్కుకి తిప్పాక వందకి తొంభై పైన వస్తున్నాయి. కింద యాంటెన్నాని చేత్తో నెమ్మదిగా అడ్డం తిప్పుతూ ఉంటే డిస్‌ప్లేలో అంకె పడిపోవడం, మళ్లీ లేవడం కళ్లముందే కనిపించింది. పోలరైజేషన్ అంటే ఏమిటో అప్పుడు నిజంగా అర్థమైంది.

సిగ్నల్ బలం నేరుగా చదివే దారి ఉందా?

#15 | తరంగిణి

చాలా బాగా చేశారు, ఒక్కోటి మార్చి చూడడమే సరైన పద్ధతి.

ఈ చిప్‌లో బలాన్ని అంకెగా ఇచ్చే రిజిస్టర్ లేదు. మైనస్ 64 డీబీఎం దాటిందా లేదా అని చెప్పే ఒక్క బిట్ ఉంటుంది. మీ సిగ్నల్ దానికంటే చాలా కింద ఉంది కాబట్టి ఉపయోగపడదు. ప్యాకెట్ల లెక్కే మీ మీటరు. ఇప్పుడు పవర్‌ని కోడులో ఒక మెట్టు తగ్గించండి, ఈ చిప్‌లో మెట్టు 6 డీబీ. తగ్గించినా తొంభై నిలిస్తే మీకు కనీసం 6 డీబీ మిగులున్నట్టు. పడిపోతే అంచు మీద ఉన్నారు. వానాకాలం శ్లాబు తడిస్తే కష్టం, యాంటెన్నా చోటు ఇంకాస్త జరిపి చూడాలి.

#16 | కొత్తబోర్డు

ఒక మెట్టు తగ్గిస్తే ఎనభై దాకా నిలిచింది. రెండు మెట్లకి పడిపోయింది. చోటు మార్చి చూస్తాను.

చివరిగా ఒక సందేహం. నా మాడ్యూల్ పంపేటప్పుడు వినదు, వినేటప్పుడు పంపదు. మరి ఫోన్‌లో ఇద్దరం ఒకేసారి మాట్లాడినా వినిపిస్తుంది కదా, అదే యాంటెన్నాతో?

#17 | షార్ట్‌వేవ్

మీ మాడ్యూల్‌లో యాంటెన్నా దగ్గర ఒక స్విచ్ ఉంది, ఓసారి పవర్ యాంప్లిఫయర్ వైపు, ఓసారి ఎల్ఎన్ఏ వైపు తిరుగుతుంది. ఇటు నుంచి అటు మారి ఫ్రీక్వెన్సీ కుదురుకోవడానికి 130 మైక్రోసెకన్లు పడుతుంది.

4జీ ఫోన్లలో చాలా బ్యాండ్లకి ఆ స్విచ్ బదులు డూప్లెక్సర్ ఉంటుంది. అంటే ఒకే యాంటెన్నాకి కట్టిన రెండు పదునైన ఫిల్టర్లు. బ్యాండ్ 3 తీసుకుంటే ఫోన్ పంపేది 1710 నుంచి 1785 మెగాహెర్ట్జ్‌ల్లో, వినేది 1805 నుంచి 1880లో. ఫోన్ గరిష్ఠంగా 23 డీబీఎం పంపుతూ, అదే క్షణంలో మైనస్ 90ల్లో ఉన్న టవర్ మాటని వింటుంది. మధ్య తేడా 110 డీబీ పైనే. ఆ ఫిల్టర్లలో విద్యుత్ సిగ్నల్‌ని స్ఫటికంలో ధ్వని తరంగంగా మార్చి, మళ్లీ విద్యుత్తుగా తీస్తారు. ఘనపదార్థంలో ధ్వని విద్యుదయస్కాంత తరంగం కంటే సుమారు లక్ష రెట్లు నెమ్మది కాబట్టి, తరంగదైర్ఘ్యం మైక్రాన్లకి కుదించుకుపోయి, అంత పదునైన ఫిల్టర్ బియ్యపు గింజంత కూడా లేని చిప్‌లో ఇమిడిపోతుంది. 4జీలోనే ఇంకో రకం బ్యాండ్లలో పంపడానికీ వినడానికీ ఒకే ఫ్రీక్వెన్సీ వాడతారు. అక్కడ మీ మాడ్యూల్‌లాగే స్విచ్చే ఉంటుంది, కాకపోతే మిల్లీసెకన్ల లెక్కన వంతులు మారుతుంటాయి కాబట్టి చెవికి తెలియదు.